గుండె ప్యాకేజీ రక్తపరీక్షలు: శ్రీకాకుళం, విజయనగరంలో ఏది కొనాలి, ఏది కొట్టేయాలి

పొద్దున్న ఆరింటికి బండి వెనక నీలం డబ్బా కట్టుకుని వీధిలోకొచ్చే రక్తపరీక్షల కుర్రాళ్లు ఇప్పుడు శ్రీకాకుళంలో పాలవాళ్లంత మామూలైపోయారు. విజయనగరంలోనూ అంతే. ఫోన్‌లో బుక్ చేస్తే చాలు, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, రాత్రికల్లా వాట్సాప్‌లో రిపోర్టు పడుతుంది. వాళ్లు ఎక్కువగా అమ్మేది 'గుండె ప్యాకేజీ', 'హార్ట్ చెకప్', 'ఫుల్ బాడీ విత్ కార్డియాక్' లాంటి పేర్లున్న సరుకు. ఈ రివ్యూ ఆ సరుకు మీదే. ఏ ల్యాబ్ పేరూ ఎత్తడం లేదు, ఎందుకంటే లోపాలు దాదాపు అందరివీ ఒకటే.

ముందు తీర్పు చెప్పేస్తాం. ఈ ప్యాకేజీల్లో నిజంగా డబ్బు పెట్టదగ్గవి రెండే: లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల లెక్క), హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూపే ప్రొటీన్ పరీక్ష). జీవితంలో ఒక్కసారి లైపోప్రొటీన్-ఎ (పుట్టుకతో వచ్చే ఒక కొవ్వు రేణువు). ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఇంకో రకం కొవ్వు) ఎక్కువున్నవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి అపోబీ (చెడ్డకొవ్వు రేణువులు ఎన్నున్నాయో చెప్పేది). మిగతాదంతా లెక్క పెంచడానికి పెట్టిందే.

ఆ లెక్క ఎలా పెరుగుతుందో చూడండి. '72 పరీక్షలు' అని కరపత్రంలో ఉంటుంది. లిపిడ్ ప్రొఫైల్‌లో ఎనిమిదో తొమ్మిదో వరసలు కనిపిస్తాయి. మెషీన్ కొలిచేది సాధారణంగా మూడే: మొత్తం కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్). మిగతావి కూడికలు, తీసివేతలు, భాగహారాలు. వీఎల్‌డీఎల్ అంటే ట్రైగ్లిజరైడ్లని 5తో భాగించిన అంకె. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) అంటే మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నీ ఆ వీఎల్‌డీఎల్‌నీ తీసేస్తే మిగిలింది. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ఇదే. ఆ తర్వాత వచ్చే రెండు మూడు నిష్పత్తులు కూడా కాలిక్యులేటర్ పనే. లివర్ పరీక్షలో గ్లోబ్యులిన్, ఏ/జీ నిష్పత్తి, ఇండైరెక్ట్ బిలిరుబిన్ కూడా అంతే. ఇక రక్తకణాల లెక్క చూసే ఊదా మూత ట్యూబు ఒక్కటి మెషీన్లో పెడితే ఇరవై చిల్లర వరసలు ఒకేసారి బయటికొస్తాయి. కూరలో కరివేపాకు రెబ్బలు కూడా లెక్కపెట్టి బిల్లు వేసినట్టుంటుంది.

ఇంతకీ లిపిడ్, సీఆర్‌పీ రెండూ కలిపి ఎందుకు చేయించాలి? ప్యాకేజీ అమ్మే మనిషిని అడిగితే 'అదొకటి కొవ్వు, ఇదొకటి ఇన్‌ఫ్లమేషన్ సార్' అంటాడు. రిపోర్టులో కూడా రెండూ వేరు వేరు పేజీల్లో, ఒకదానికొకటి పరిచయం లేనట్టు ఉంటాయి. అసలు చిక్కు అక్కడే. రెండూ ఒకే వంటగదిలో, అంటే కాలేయంలో, తయారయ్యే వ్యవహారాలు.

కాలేయ కణాల పైన ఎల్‌డీఎల్ రిసెప్టర్లు ఉంటాయి. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ రేణువుని పట్టుకుని లోపలికి లాక్కెళ్లడం వాటి పని. రేణువుని లోపల దించేసి రిసెప్టర్ మళ్లీ పైకొస్తుంది. ఇలా వందసార్లకు పైగా తిరుగుతుంది. ఈ సంగతులు తేల్చినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత 2003లో ఇంకో ప్రొటీన్ బయటపడింది, దాని పేరు పీసీఎస్‌కే9. ఇది రిసెప్టర్‌కి అతుక్కుంటే ఆ రిసెప్టర్ ఇక పైకి రాదు. ఎల్‌డీఎల్‌తో పాటు అదీ కణం లోపలే అరిగిపోతుంది. పీసీఎస్‌కే9 ఎక్కువైతే రిసెప్టర్లు తక్కువ, రక్తంలో ఎల్‌డీఎల్ ఎక్కువ. పుట్టుకతోనే ఈ ప్రొటీన్ సరిగా పనిచెయ్యనివాళ్లని అమెరికాలో పరిశీలించి 2006లో ప్రచురించారు. నల్లజాతివాళ్లలో అలాంటి జన్యుమార్పు ఉన్నవాళ్లకి ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువ. ఎల్‌డీఎల్ తగ్గింది కొంచెమే అయినా, పుట్టినప్పట్నుంచీ తగ్గి ఉండటం వల్ల వచ్చిన లాభం అది.

ఇప్పుడు ఇన్‌ఫ్లమేషన్ సంగతి. తెలుగులో 'వాపు' అనేస్తారు గానీ కంటికి కనిపించే వాపు కాదిది, లోపల సన్నగా రగిలే మంట. ధమని గోడలోకి దూరి చిక్కుకున్న ఎల్‌డీఎల్ పాడైపోతుంది. దాన్ని ఊడ్చడానికి తెల్లకణాలు వస్తాయి, తినీ తినీ కొవ్వు పట్టి నురుగుకణాలవుతాయి. కొలెస్ట్రాల్ స్ఫటికాలు కణం లోపల గుచ్చుకుంటే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే అలారం మోగుతుంది. దాంతో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, దాని వెనకే ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు ప్రొటీన్లు పుట్టుకొస్తాయి. ఈ 6వ నంబరు కబురు కాలేయానికి చేరితే అది సీఆర్‌పీని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. సీఆర్‌పీ అంటే పొగ. మంట ఎక్కడుందో అది చెప్పదు. సీఆర్‌పీ తానుగా గుండెకి చెరుపు చెయ్యదని జన్యు అధ్యయనాల్లో తేలింది, చెరుపంతా పై గొలుసుదే. అందుకే 'సీఆర్‌పీ తగ్గించే' పొడులు, కషాయాలు అమ్మేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

గొలుసు అటునుంచి ఇటు కూడా లాగుతుంది, రిపోర్టు చదివేటప్పుడు బోల్తా పడేది ఇక్కడే. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే కాలేయం ట్రైగ్లిజరైడ్లని ఎక్కువ పంపుతుంది, వాటిని కరిగించే ఎంజైమ్ మందగిస్తుంది. హెచ్‌డీఎల్ రేణువు మీదుండే అపో ఏ-1 అనే ప్రొటీన్‌ని తోసేసి సీరం అమిలాయిడ్-ఏ అనే ప్రొటీన్ కూర్చుంటుంది. అప్పుడు హెచ్‌డీఎల్ అంకె పడిపోతుంది, మిగిలింది కూడా పని సరిగా చెయ్యదు. మరి పీసీఎస్‌కే9? ఇన్‌ఫెక్షన్‌లో అది పెరుగుతుందని ఎలుకల్లో చూశారు, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకిన సెప్సిస్ రోగుల్లోనూ ఎక్కువగా కనిపించింది. ఆ లెక్కన ఎల్‌డీఎల్ కూడా పెరగాలి. కానీ మనుషుల్లో జబ్బు ముదిరినప్పుడు ఎల్‌డీఎల్ తగ్గుతుంది. కీళ్లవాతం మంట మీదున్నప్పుడూ ఎల్‌డీఎల్ తక్కువే ఉండి, మంట అణిగే మందు పడితే పెరుగుతుంది. ఒక్క ప్రొటీన్‌ని పట్టుకుని లెక్క కట్టేస్తే ఇలాగే తప్పుతుంది.

ఒక రిపోర్టు ఎదురుగా పెట్టుకుని చూద్దాం. అంకెలు నమూనాకే, తీరు మాత్రం నిత్యం కనిపించేదే. నాలుగు రోజుల జ్వరం తగ్గి వారం కాకుండానే ప్యాకేజీ చేయించిన మనిషి: మొత్తం కొలెస్ట్రాల్ 168, ట్రైగ్లిజరైడ్లు 212, హెచ్‌డీఎల్ 29, లెక్కగట్టిన ఎల్‌డీఎల్ 97, హెచ్‌ఎస్-సీఆర్‌పీ 14.2. రిపోర్టులో ఎల్‌డీఎల్ పక్కన ఆకుపచ్చ టిక్కు, సీఆర్‌పీ పక్కన ఎర్రటి 'హై రిస్క్'. ఇంట్లోవాళ్లు సీఆర్‌పీ చూసి హడలిపోతారు, ఎల్‌డీఎల్ చూసి ఊపిరి పీల్చుకుంటారు. రెండూ తిరగేసి చదివినట్టే. ఆ 14.2 జ్వరం వదిలివెళ్లిన పొగ. ఆ 97 జ్వరం కిందికి తొక్కిన అంకె. ఒళ్లు పూర్తిగా కుదుటపడ్డాక అదే మనిషికి మొత్తం 204, ట్రైగ్లిజరైడ్లు 158, హెచ్‌డీఎల్ 37, ఎల్‌డీఎల్ 135, సీఆర్‌పీ 2.1 రావచ్చు. మొదటి కాగితం చూసి గుండె స్పెషలిస్టు దగ్గరికి పరిగెత్తేవాడు, రెండోది చూస్తే మామూలు డాక్టరు దగ్గర కూర్చుని ఎల్‌డీఎల్ గురించి మాట్లాడతాడు.

కాబట్టి నియమం ఇది. హెచ్‌ఎస్-సీఆర్‌పీ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే అసలు గుండె లెక్కలోకే తీసుకోకండి. ఇన్‌ఫెక్షన్ ఎక్కడుందో వెతికించి, తగ్గాక రెండు మూడు వారాలాగి మళ్లీ చేయించండి. ఒక్క రీడింగ్‌తో ముద్ర వెయ్యకూడదు. రెండు వారాల ఎడంతో రెండుసార్లు చేయించి సగటు తీసుకోవడం పద్ధతి. టైఫాయిడ్, న్యుమోనియా, ఆపరేషన్ లాంటి పెద్ద దెబ్బ తగిలితే లిపిడ్ అంకెలు సర్దుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చికున్‌గన్యా వచ్చి కీళ్లనొప్పులు నెలల తరబడి లాగుతుంటే సీఆర్‌పీ కూడా దానితో పాటే లాగుతుంది. చిగుళ్లలో చీము, పాదం మీద మానని పుండు, నిన్న ఎత్తిన బరువులు, నోటి ద్వారా వేసుకునే హార్మోన్ మాత్రలు, పొట్ట దగ్గర పేరుకున్న కొవ్వు, ఇవన్నీ ఆ అంకెలోకి దూరతాయి. బుకింగ్ ఫారంలో 'గత మూడు వారాల్లో జ్వరం వచ్చిందా' అన్న ఒక్క ప్రశ్న పెడితే సగం గందరగోళం తీరిపోయేది. మేం చూసిన ఏ ఫారంలోనూ అది లేదు. పుట్టినరోజు మాత్రం అడుగుతారు, శుభాకాంక్షల మెసేజ్ పంపడానికి.

ఇక రక్తం తీసే తీరు. ఇంటికొచ్చే సర్వీసులో ఎక్కువ తేడాలు ఇక్కడే వస్తాయి, పైగా ఇది కస్టమర్ కళ్ల ముందే జరుగుతుంది కాబట్టి పట్టుకోవచ్చు. మనిషి కుర్చీలో కనీసం ఐదు నిమిషాలు కూర్చున్నాకే సూది గుచ్చాలి. నిలబడినప్పుడు తీసినదానికీ పడుకున్నప్పుడు తీసినదానికీ కొలెస్ట్రాల్ అంకెలో పది శాతం దాకా తేడా వస్తుంది, ఎందుకంటే నిలబడితే రక్తంలోని నీరు కాళ్లలోకి దిగి రక్తం చిక్కబడుతుంది. డాబా మీంచి దిగొచ్చి నిలబడే చెయ్యి చాపితే అది వేరే పరీక్ష కిందే లెక్క. చేతికి కట్టే రబ్బరు పట్టీ నిమిషం మించి ఉండకూడదు. నరం దొరక్క రెండు మూడు నిమిషాలు బిగించి, పిడికిలి మూసి తెరిపించి తీస్తే అక్కడి రక్తం చిక్కబడి అంకెలు పైకి జరుగుతాయి. పట్టీ వదిలి, రెండో చేతికి వెళ్లమని చెప్పండి.

పరగడుపు విషయంలో చాదస్తం ఎక్కువ. మామూలు లిపిడ్ పరీక్షకి పరగడుపు తప్పనిసరి కాదు. 2024లో భారత హృద్రోగ నిపుణుల సంఘం విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా తిన్నాక చేసే పరీక్షని ఒప్పుకున్నాయి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లు, ఫ్రీడ్‌వాల్డ్ లెక్క మీద ఆధారపడేవాళ్లు 10 నుంచి 12 గంటలు ఆగితే మేలు. నీళ్లు తాగొచ్చు, కాఫీ వద్దు. ఆగమన్నారు కదా అని 16 గంటలు కడుపు మాడ్చుకోవడం మాత్రం తప్పు. ముందు రోజు మద్యం ముడితే ట్రైగ్లిజరైడ్లు అమాంతం పెరిగిపోతాయి. కనుమ నాడు కోడికూర, గారెలతో పాటు అదీ సాగించి, మర్నాడు పొద్దున్నే ప్యాకేజీ పెట్టుకోవడం కంటే వృథా ఖర్చు లేదు. సిరిమానోత్సవం వారం కూడా అంతే.

ట్యూబు సంగతి దగ్గర్నుంచి చూడండి. పసుపు మూత ట్యూబులో అడుగున జిగురు ముద్ద ఉంటుంది. రక్తం నింపాక ఐదారుసార్లు మెల్లగా తిరగేసి, నిలువుగా అరగంట ఉంచాలి, గడ్డ కట్టాలి. ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు తిప్పితే జిగురు మధ్యకొచ్చి, కింద ఎర్రగడ్డ, పైన పసుపు సీరం విడిపోతాయి. సీరం లేత పసుపులో తేటగా ఉంటే సరే. గంజినీళ్లలా తెల్లగా ఉంటే ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ. అవి 400 దాటితే 5తో భాగించే లెక్క చెల్లదు, ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవాలి. కొన్ని రిపోర్టుల్లో 400 దాటినా లెక్కగట్టిన ఎల్‌డీఎల్ దర్జాగా అచ్చు వేసేస్తారు. ఆ రిపోర్టు వెనక్కి పంపేయొచ్చు. సీరం గులాబీ రంగులో ఉంటే ఎర్రకణాలు పగిలాయని అర్థం, సూదినో కుదుపునో తప్పుపట్టాలి.

దూరం ఇంకో గండం. ఇచ్ఛాపురం, పలాస, సోంపేట వైపు తీసిన శాంపిల్, రాజాం, బొబ్బిలి వైపు తీసిన శాంపిల్ చాలాసార్లు విశాఖపట్నం వెళ్లాకే మెషీన్ ఎక్కుతుంది. సీరం విడదీసి చల్లగా పంపితే కొలెస్ట్రాల్‌కీ సీఆర్‌పీకీ ఏమీ కాదు, అవి గట్టి పిండాలు. పాడయ్యేవి వేరే. ప్యాకేజీలో ఉచితమంటూ కలిపే హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం) వాటిలో మొదటిది. రక్తాన్ని విడదీయకుండా ఉంచితే ఎర్రకణాలు దాన్ని బయటికి వదులుతూనే ఉంటాయి, మామూలు వేడిలో గంటకి పది శాతం వరకు పెరుగుతుంది. పొద్దున్న ఏడింటికి సోంపేటలో తీసి, మధ్యాహ్నం దాకా బండి డబ్బాలో తిప్పిన ట్యూబులో హోమోసిస్టీన్ 'హై' రాకపోతేనే ఆశ్చర్యం. దాన్ని చూపించి విటమిన్ మాత్రలు అంటగడతారు. బూడిదరంగు మూత ట్యూబు కాకుండా మామూలు ట్యూబులోంచే షుగర్ చూస్తే లెక్క తిరగబడుతుంది, అంకె గంటకి ఐదారు శాతం తగ్గిపోతుంది. షుగర్ ఉన్నవాడికి లేదనే రిపోర్టు చేతికొస్తుంది. అందుకని కుర్రాణ్ణి అడగాల్సిన ప్రశ్న ఒకటే: 'సెంట్రిఫ్యూజ్ ఎక్కడ, ఎన్ని గంటల్లోగా?' పట్టణంలోనే, రెండు గంటల లోపు అంటే పర్వాలేదు. 'వైజాగ్‌లో సార్' అంటే లిపిడ్, సీఆర్‌పీ వరకే ఉంచుకుని మిగతావి కొట్టేయమనండి.

సీఆర్‌పీ పేరుతో జరిగే మోసం విడిగా చెప్పాలి. సీఆర్‌పీ పరీక్షలు మూడు రకాలు. పాతది గాజుపలక మీద లేటెక్స్ చుక్కతో కలిపి, గడ్డలు కడుతుందా లేదా చూసేది. దాని రిపోర్టు 'నెగెటివ్, 6 కంటే తక్కువ' అని వస్తుంది. జ్వరానికి అది చాలు, గుండెకి అక్కరకు రాదు, ఎందుకంటే మనకి కావల్సిన తేడా 1కీ 3కీ మధ్య ఉంది. రెండోది మెషీన్ మీద చేసే మామూలు సీఆర్‌పీ, అది కూడా కింది అంకెల్లో తడబడుతుంది. మూడోది హై సెన్సిటివిటీ, అంటే హెచ్‌ఎస్, 0.3 లాంటి చిన్న అంకెలు కూడా పట్టుకుంటుంది. బిల్లులో 'హెచ్‌ఎస్' అని ఉండి, రిపోర్టులో '6 కంటే తక్కువ' అనో '5 కంటే తక్కువ' అనో వస్తే మీకిచ్చింది హెచ్‌ఎస్ కాదు. డబ్బు వాపసు అడగండి. కొలమానం కూడా చూసుకోవాలి. కొందరు లీటరుకి, కొందరు డెసిలీటరుకి రాస్తారు. డెసిలీటరుకి 0.3 అంటే లీటరుకి 3. రెండు ల్యాబుల కాగితాలు పక్కపక్కన పెట్టి 'పదో వంతుకి తగ్గిపోయింది' అని సంబరపడేవాళ్లు తరచూ తగులుతారు.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకిచ్చే జాతీయ గుర్తింపు) గుర్తు చూసి నమ్మెయ్యకండి. ఆ గుర్తింపు ఒక ల్యాబ్‌కి, ఆ చోట చేసే ఫలానా పరీక్షలకి ఇచ్చేది. విశాఖలో ఉన్న పెద్ద ల్యాబ్‌కి ఉంటే ఇక్కడి గదికి ఉన్నట్టు కాదు. రిపోర్టులో కొన్ని పరీక్షల పక్కన నక్షత్రం గుర్తు ఉంటే కింద సన్నక్షరాలు చదవండి.

అదనంగా అమ్మేవాటిలో రెండు మంచివి. లైపోప్రొటీన్-ఎ పుట్టుకతో నిర్ణయమయ్యేది, తిండి వల్లగానీ నడక వల్లగానీ మారదు. ధమని గోడలోకి పాడైన కొవ్వుని మోసుకెళ్లి ఇన్‌ఫ్లమేషన్‌ని రగిలించే రేణువు అది. డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. ఒకసారి చేయిస్తే చాలు, ఏటా చెయ్యమనే ప్యాకేజీ దండగ. చిన్నవయసులో గుండెపోటు వచ్చిన ఇంట్లో అందరూ చేయించుకోవాలి. అపోబీ ఇంకోటి. ప్రతి ఎల్‌డీఎల్ రేణువు మీదా ఒక్కటంటే ఒక్క అపోబీ ఉంటుంది, కాబట్టి అది రేణువుల తలకాయల లెక్క. మనవాళ్లలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండటం మామూలు. అలాంటివాళ్లకి ఎల్‌డీఎల్ 95 అని ఉన్నా చిన్నచిన్న రేణువులు గుంపుగా ఉండొచ్చు. అపోబీకి డబ్బు లేకపోతే మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసెయ్యండి. ఆ నాన్-హెచ్‌డీఎల్ అంకె పైసా ఖర్చు లేకుండా చాలావరకు అదే చెబుతుంది. లక్ష్యాలు ఇవి: మామూలు మనిషికి ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్-హెచ్‌డీఎల్ 130 లోపు, ముప్పు ఎక్కువుంటే 70, 100, గుండెపోటు వచ్చినవాళ్లకి 55, 85. రిపోర్టు పక్కన అచ్చేసిన 'నార్మల్ 130 వరకు' అందరికీ ఒకే చొక్కా తొడిగినట్టు ఉంటుంది. స్టెంటు పడ్డవాడికి 110 వస్తే అది నార్మల్ కాదు.

చెత్తబుట్టలో వెయ్యాల్సింది పీసీఎస్‌కే9 రక్తపరీక్ష. 'అడ్వాన్స్‌డ్' అనే మాట తగిలించి ఎక్కడైనా అమ్మజూపితే వద్దనండి. ప్రొటీన్ ముఖ్యమే, కానీ దాని అంకె చూసి డాక్టరు మార్చే మందు ఏదీ లేదు. రోజులో వేళని బట్టి మారుతుంది, పస్తుంటే పడిపోతుంది, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకుంటే పెరుగుతుంది. స్టాటిన్ వేస్తే కాలేయానికి కొలెస్ట్రాల్ కరువొచ్చి రిసెప్టర్లని ఎక్కువ తయారుచేస్తుంది. అదే మీట పీసీఎస్‌కే9ని కూడా పెంచుతుంది. ఒక చేత్తో పెట్టి రెండో చేత్తో గుంజుకోవడం. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే తగ్గడానికి ఇదొక కారణం. అందుకే డాక్టర్లు స్టాటిన్‌ని 40 నుంచి 80 మిల్లీగ్రాములకి పెంచే బదులు ఎజిటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు జోడిస్తారు.

కొలెస్ట్రాల్ మందు మొదలెట్టాక మళ్లీ ప్యాకేజీ అక్కర్లేదు. నాలుగు నుంచి పన్నెండు వారాల్లో లిపిడ్ ఒకటి, కావాలంటే హెచ్‌ఎస్-సీఆర్‌పీ చాలు. అప్పుడు ఆ రెండు అంకెలూ ఎటు కదిలాయన్నది అసలు కబురు. స్టాటిన్ రెంటినీ దించుతుంది. 2008లో వచ్చిన జూపిటర్ ట్రయల్లో ఎల్‌డీఎల్ 130 లోపే ఉండి సీఆర్‌పీ 2 దాటిన 17,802 మందిని తీసుకున్నారు. రోసువాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు వేసినవాళ్లలో ఎల్‌డీఎల్ సగానికి, సీఆర్‌పీ 37 శాతం తగ్గాయి, గుండె సంబంధిత ఘటనలు 44 శాతం తగ్గాయి. పీసీఎస్‌కే9ని పట్టేసే ఇంజక్షన్లు, 2015లో వచ్చిన ఎవోలోకుమాబ్, అలిరోకుమాబ్, ఎల్‌డీఎల్‌ని సగానికి పైగా కొట్టేస్తాయి, సీఆర్‌పీ మాత్రం కదలదు. అయినా గుండెపోట్లు తగ్గాయి. కాబట్టి సీఆర్‌పీ కదల్లేదని మందు పనిచెయ్యట్లేదనుకోకూడదు. తిరగేస్తే 2017 నాటి కాంటోస్ ట్రయల్. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాని ఆపే కనకినుమాబ్ ఎల్‌డీఎల్‌ని ముట్టుకోలేదు, సీఆర్‌పీ దించింది, గుండె ఘటనలు 15 శాతం తగ్గాయి. ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరగడంతో గుండెమందుగా అది నిలబడలేదు. రెండు దారులూ నిజమే, రెండూ వేరే.

ఇంజక్షన్ కొనేవాళ్లకి ఒక మాట. ఎవోలోకుమాబ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తిత్లీ తుపానప్పుడు, 2018 అక్టోబరులో, ఉద్దానం పల్లెల్లో కరెంటు రోజుల తరబడి రాలేదు. అలాంటి చోట ఇంజక్షన్ పెన్నులు నెలలకి సరిపడా కొని ఫ్రిజ్‌లో పెట్టుకోవడం తెలివైన పని కాదు. ఆరు నెలలకోసారి పొడిచే ఇంక్లిసిరాన్ అనే ఇంకో పీసీఎస్‌కే9 ఇంజక్షన్‌కి ఫ్రిజ్ అక్కర్లేదు, ధర మాత్రం మామూలు ఉద్యోగి అందుకునేది కాదు.

ఉద్దానం పేరొచ్చింది కాబట్టి అక్కడివాళ్లకి ఈ ప్యాకేజీ ఎలా పనిచేస్తుందో చెప్పాలి. సూటిగా చెప్పాలంటే సరిగా పనిచెయ్యదు. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బున్నవాళ్లకి సీఆర్‌పీ ఏళ్ల తరబడి ఎక్కువే ఉండొచ్చు, తిండి తగ్గి కొలెస్ట్రాల్ పడిపోవచ్చు. ఆకుపచ్చ టిక్కు చూసి మురిసిపోవడానికి లేదు; డయాలసిస్ మీదున్నవాళ్లలో కొలెస్ట్రాల్ మరీ తక్కువుండటం చెడ్డ గుర్తు. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ వెయ్యడం వల్ల లాభం కనిపించలేదని 2005లో ఒక ట్రయల్, 2009లో ఇంకోటి తేల్చాయి. ముందునుంచీ వాడుతున్నవాళ్లు ఆపనక్కర్లేదు. వీళ్లకి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూసే పరీక్షలు ముఖ్యం, రెండోది చాలా గుండె ప్యాకేజీల్లో ఉండదు. సీఆర్‌పీ ఎక్కువుందని ఎవరో చెబితే ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే కోల్చిసిన్ మాత్ర కొని మింగడం ఇక్కడ మరీ ప్రమాదం. రోజుకి 0.5 మిల్లీగ్రాము గుండెకి మేలని తేలిన మాట నిజమే. కానీ కిడ్నీ పనితీరు పడిపోతే ఆ మందు ఒంట్లో పేరుకుంటుంది, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తోడైతే విషమే.

తీరం వెంబడి ఊళ్లలో అడ్డపొగ (చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటున్న అమ్మలకి, అమ్మమ్మలకి సీఆర్‌పీ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ రావడం వింత కాదు. నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చినా, బయట పెట్టుకుని కాల్చినా రక్తానికి తేడా తెలీదు. ఫారంలో 'స్మోకింగ్' అని ఇంగ్లీషులో ఉన్న గడిలో ఆడవాళ్లందరికీ అడక్కుండానే 'లేదు' కొట్టేస్తారు. చుట్ట అని అడగాలి. నోట్లో తెల్లమచ్చలుంటే ల్యాబ్ కంటే ముందు నోటి డాక్టరుకి చూపించాలి.

ఇక రిపోర్టుతో పాటు వచ్చే 'ఉచిత డైట్ కన్సల్టేషన్'. ఫోన్ చేసే మనిషి అవకాడో, ఓట్స్, ఆలివ్ నూనె చెబుతుంది. చోడి అంబలి, ఉలవచారు, పొట్టు తియ్యని పెసలు, చిన్నచేపల పులుసు ఆ లిస్టులో ఉండవు. జీడిపప్పు మానెయ్యమంటారు. పలాస మనిషితో అనే మాటేనా అది, పైగా అవసరం కూడా లేదు. గుప్పెడు తింటే ఎల్‌డీఎల్ పెరగదు, నెయ్యిలో వేయించి ఉప్పు జల్లిన గిన్నెడు సంగతి వేరు. నూనె మారిస్తే లాభం ఎక్కువ, పామాయిల్ తగ్గించమని మాత్రం ఎవరూ చెప్పరు.

మార్కులు వెయ్యాలంటే: టైముకి రావడంలో 5కి 4, సూది పనితనంలో 3, శాంపిల్ మోసే తీరులో 2, రిపోర్టు వివరణలో 1. ధర విషయంలో మార్కులు మీ చేతిలోనే ఉన్నాయి. ప్యాకేజీ కాకుండా 'లిపిడ్, హెచ్‌ఎస్-సీఆర్‌పీ విడిగా ఎంత' అని అడిగితే యాప్‌లో కనిపించని ధర ఫోన్‌లో చెబుతారు. బుక్ చేసే ముందు మూడు ముక్కలు మెసేజ్‌లో రాయించుకోండి: హెచ్‌ఎస్ కిట్టేనా, ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఎల్‌డీఎల్ నేరుగా కొలుస్తారా, సీరం ఎక్కడ విడదీస్తారు. కుర్రాడు వచ్చిన పొద్దున్న ఇంట్లో ఎవరికైనా జలుబుతో ముక్కు కారుతుంటే, ఒళ్లు వెచ్చగా ఉంటే, వాళ్ల ట్యూబు మూడు వారాలు వాయిదా వెయ్యమని అప్పుడే చెప్పెయ్యండి.